ప్లీజ్ అంటేనే మంట

రాత్రి లైల్ విసిరిన రిమోట్ అతని పెళ్ళాం కోరిన్ కనుబొమ్మకి తగిలి, అక్కణ్ణుంచి గోడకి తగిలి రెండు చెక్కలైంది. కనుబొమ్మ కూడా చీలింది. ఆ రెండింటిలో లైల్ బాధపడింది రిమోట్ కోసమే.

"చూడు, ఎంత పని చేయించావో," అన్నాడు. తెల్లారాక కొత్తది కొనడానికి ట్రక్కేసుకుని పీస్ రివర్ ఊరికి పోయాడు.

ఇల్లంతా వెచ్చబెట్టే పెద్ద ఫర్నేస్, ఇంటి అడుగున ఉన్నది, చలి మొదట్లోనే చచ్చింది. లైల్ దాన్ని బాగు చేయించలేదు. ఇక హాల్లో గాజు పలక వెనక మండే గ్యాస్ ఫైర్‌ప్లేస్ ఒక్కటే ఆ ఇంటికి దిక్కు. దాని అడుగున ఇనప తలుపు వెనకాల రిమోట్ మాట వినే డబ్బా ఒకటుంది. చేత్తో వెలిగించుకోవడానికి దాని మీద చిన్న మీట కూడా ఉండేది. దాన్ని లైల్ పటకారుతో విరిచి పారేశాడు. రిమోట్ తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పెళ్ళాం పళ్ళు టకటకలాడుతూ "ప్లీజ్, లైల్" అంటే నొక్కేవాడు. అంతటి మహానుభావుడు.

బయట చలి సున్నాకి ముప్ఫై ఎనిమిది డిగ్రీలు కింద ఉంది. కోరిన్ కోటు వేసుకుని, బొంత చుట్టుకుని, గోడ వారగా పడున్న రెండు చెక్కలూ ఏరుకొచ్చింది. లోపల బ్యాటరీ స్ప్రింగు వంగిపోయింది. చాక్లెట్ చుట్టిన వెండి కాగితం మడిచి అక్కడ కుక్కి, రెండు చెక్కల్నీ టేపుతో బిగించి, ఆశ లేకుండానే నొక్కింది. గాజు వెనక మంట భగ్గుమంది.

ఏడుపొచ్చింది. నవ్వూ వచ్చింది. మళ్ళీ నొక్కి ఆపేసింది. గాజు వేడెక్కితే లైల్ పసిగడతాడు. రిమోట్‌ని ఏప్రన్ జేబులో అడుక్కి తోసింది. ఇది వెచ్చదనం కోసం కాదని ఆమెకి అప్పుడే తెలుసు. ఈ ఇంట్లో తన చేతికి చిక్కిన మొదటి ఆయుధం ఇది.

పారిపోవడానికి కావలసింది ట్రక్కు. అక్కడ చలికాలం బండి ఆపితే ముందున్న తీగని ప్లగ్గులో పెట్టి ఇంజన్ని వెచ్చగా ఉంచాలి, లేకపోతే అది రాయే. లైల్ రాత్రిళ్ళు ఆ తీగ పెట్టడు. వెళ్ళే ముందు పెట్టుకుంటాడు. కిందటి నెల ఆ సంగతి మరిచి కోరిన్ తాళాలు దొంగిలించి బండెక్కింది. ఇంజను మూలిగి ఊరుకుంది. లైల్ వాకిట్లో చెప్పులతో నిలబడి, నవ్వడం అయ్యాక, ఆమెని జుట్టు పట్టుకుని లోపలికి లాక్కొచ్చాడు. అంచేత పారిపోతే అతను ఇంటికి వచ్చిన కాసేపటికే పారిపోవాలి, బండి ఇంకా వెచ్చగా ఉండగానే.

మధ్యాహ్నం వెలుగు వాలుతుండగా ట్రక్కు వచ్చి ఆగింది. లైల్ తాళాల గుత్తి నడుం పట్టీకి తగిలించుకుని, కొత్త రిమోట్ ఊపుకుంటూ వచ్చాడు.

"దా. టెస్ట్ చేద్దాం. కింద దూరు."

కొత్త రిమోట్‌ని డబ్బా గుర్తు పట్టాలంటే ఒకరు కింద చెయ్యి పెట్టి బొత్తాం నొక్కి ఉంచాలి, ఇంకొకరు రిమోట్ నొక్కాలి. కోరిన్ మోకాళ్ళ మీద కూచుని, ఇనప తలుపు తెరిచి, మోచేతి దాకా లోపలికి పెట్టింది. డబ్బా కీచుమంది.

"గుర్తు పట్టింది," అంది.

"చెయ్యి తియ్యమన్నానా?" లైల్ బూటుకాలితో తలుపు తన్నాడు. ఇనప అంచుకీ చట్రానికీ మధ్య ఆమె మణికట్టు నలిగింది. బూటు తియ్యలేదు. "రాత్రంతా చలికి బిగుసుకున్నావు కదే. ఇప్పుడేమంటావ్?"

"లైల్, చెయ్యి!"

"అది కాదు. మాట మర్చిపోయావా?"

"ప్లీజ్."

"పేరు?"

"ప్లీజ్, లైల్."

మంట వెలిగింది. బూటు పక్కకి జరిగింది. కోరిన్ చెయ్యి గుండెకి అదుముకుని లేచింది. వేళ్ళు కదులుతున్నాయి. వంటింటి గుమ్మంలో నిలబడి, ఇంకో చేత్తో జేబులో పాత రిమోట్ బొత్తాం వెతుక్కుంది.

లైల్ విస్కీ పోసుకుని కుర్చీలో పడ్డాడు. ఆమె నొక్కింది. డబ్బా పాత రిమోట్‌ని ఇంకా మరిచిపోలేదు, మంట ఆరింది.

"ఏంటిది?" అతను నొక్కాడు, వెలిగింది. గ్లాసు ఎత్తేలోపు ఆమె మళ్ళీ నొక్కింది.

అతను వంగి, రెండు చేతులూ డబ్బా దగ్గర పెట్టి చూస్తే నడుం దగ్గర తాళాలు లాక్కోవచ్చని ఆమె అనుకుంది. కానీ లైల్ వంగి చూసే రకమా? మూడోసారి మంట ఆరేసరికి కొత్త రిమోట్‌ని నేలకేసి కొట్టి బూటుతో నుగ్గు చేశాడు. తిన్నగా ఆమె మీదికొచ్చాడు.

"కింద ఏం పీకావే?"

"ఏం పీకలేదు. నువ్వు చూస్తుండగానే కదా పెట్టాను."

చెంప మీద కొట్టాడు. రాత్రి చీలిన కనుబొమ్మ మళ్ళీ తెరుచుకుని ఆ కంట్లోకి రక్తం దిగింది. కడుపులో గుద్దితే ఆమె నేల మీద పడింది. అక్కడితో అతని కోపం తీరలేదు. వెనక్కి తిరిగి, మాట వినని ఫైర్‌ప్లేస్‌ని కూడా పెళ్ళాన్ని తన్నినట్టే తన్నాడు.

గాజు పగిలింది. కాలు మోకాలి దాకా లోపలికి పోయింది. బూటు మడమ అడుగున ఉన్న జల్లెడ కమ్మీల మధ్య దిగబడి ఇరుక్కుంది.

"అలా చూస్తావేం? వచ్చి లాగు!"

కోరిన్ వచ్చింది. తాళాల కోసం చెయ్యి చాపింది. లైల్ ఆ చెయ్యి చూశాడు. జుట్టు పట్టి ఆమె తల ఫైర్‌ప్లేస్ పైన ఉన్న రాతి పలకకి కొట్టాడు.

"ఓహో, మళ్ళీ పోదామనా?" ఇంకోసారి కొట్టాడు. "ఈసారి నీ కాళ్ళు విరుస్తానే."

అతను అన్నంత పనీ చేస్తాడు. కళ్ళ ముందు నల్లబడుతుండగా ఆమె బొటనవేలు జేబులో బొత్తాన్ని వెతికి పట్టుకుంది. తెలిసే నొక్కింది.

మంట అతని పంట్లానికి అంటుకుంది. లైల్ జుట్టు వదిలి వెల్లకిలా పడ్డాడు. కాలు మాత్రం లోపలే ఉంది. మాడిన గుడ్డ వాసన, ఆ వెనకే మాంసం వాసన వచ్చాయి. ఆమె చేతిలో టేపు చుట్టిన రిమోట్‌ని అతను చూశాడు.

"ఆపు! ఆపవే! ప్లీజ్, కోరిన్, ప్లీజ్!"

ఆ మాట అతని నోట్లోంచి ఎప్పుడైనా వింటే ఎలా ఉంటుందోనని ఆమె ఎన్నో రాత్రులు ఊహించుకుంది. విన్నాక అది తన గొంతులాగే వినిపించింది.

"తాళాలు."

అతను నడుం పట్టీ నుంచి గుత్తి పీకి విసిరాడు. అది ఆమె పాదాల దగ్గర పడేలోపే ఆమె నొక్కి ఆపేసింది. బొంత తెచ్చి కాలి మీద వేసి మంట అణిచింది. రాత్రి తను చుట్టుకు పడుకున్న బొంతే. లైల్ మళ్ళీ ఆమె చీలమండ అందుకోబోయాడు. అప్పుడు వెనక్కి గెంతింది.

"నన్నిలా వదిలేసి పోతావా? ఒసేయ్! చంపుతా నిన్ను! కోరిన్!"

ఆమె తలుపు దగ్గరగా లాగింది. ఇంజను రెండో తిప్పుకే అందుకుంది.

మంచు దారి చివర స్టెఫా బాబా ఇల్లు. ఆ చుట్టుపక్కల పిల్లాపెద్దా అందరికీ ఆ ఉక్రెయిన్ ముసలామె అమ్మమ్మే, ఆమె భాషలో బాబా. తలుపు తీసి కోరిన్ మొహం చూసింది. కుర్చీలో కూచోబెట్టి, తడిగుడ్డ కంటికి అదిమింది.

"వాడేనా?"

"వాడే. నేను కూడా, బాబా. కాలు కాల్చేశాను. ఇరుక్కుపోయున్నాడు. ఆంబులెన్సుని పిలువు. పోలీసులకీ చెప్పు, చేసింది నేనేనని చెప్పు."

"ఉండు తల్లీ, ముందు వాణ్ణి బతకనీ." బాబా ఫోన్‌లో ఊరూ దారీ చెప్పింది, కాలు సంగతి చెప్పింది. అవతలివాళ్ళు ఏదో అడిగితే ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి ఇటు తిరిగింది. "రావడానికి టైం పడుతుందట. మనిషి చల్లబడకూడదంటున్నారు. ఇంట్లో వేడి ఉందా అని అడుగుతున్నారు."

కోరిన్ ఒళ్ళో పిడికిలి విప్పింది. ఇంతసేపూ రిమోట్ అందులోనే ఉంది.

"లేదు," అంది. "తొందరగా రమ్మను బాబా. ప్లీజ్ అని చెప్పు."