పళ్ళెంలోంచి వచ్చిన మాట

మత్తు డాక్టరుకు దయ్యాల మీద నమ్మకం లేదు. తన చెవుల మీద మాత్రం ఉండేది. అక్కకు మొదటి ఆపరేషన్ జరిగిన రోజున అదీ సడలింది. రొమ్ములోని గడ్డను కోసి స్టీలు పళ్ళెంలో వేసిన క్షణాన, ఆ పళ్ళెం వైపు నుంచి ఒక సన్నని గొంతు "వెళ్ళొస్తా" అన్నది. గొంతు అక్కదే. కాని అక్క స్వరతంత్రుల మధ్య శ్వాస గొట్టం ఉంది. గొట్టం ఉన్న మనిషి మాట్లాడదు. ఇంకెవరూ తలెత్తలేదు. యంత్రాల కూతల్లో చెవి తనకు తోచిన మాటను అల్లుకుంటుందని సర్దిచెప్పుకుని, ఆయన ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

వెళ్ళొస్తానన్నది వచ్చింది. రెండేళ్ళకు, పాత మచ్చ అంచున.

అప్పటినుంచి ఆయనను తొలిచినది ఆ గొంతు కాదు, గ్యాసు. నాడు అక్కను తాను నిద్రపుచ్చింది పీల్చే మత్తుతో. అది ఒంటి కాపలా కణాలను మందగింపజేసి, కత్తికి దొరకని క్యాన్సరు కణాలకు దారి విడుస్తుందేమోనని వైద్యంలో ఒక అనుమానం ఉంది. నరంలోకి ఎక్కించే మత్తు మేలేమోనని ఒక ఆశ ఉంది. ప్రయోగశాల ఔనన్నట్టే ఉంటుంది. మనుషుల మీద జరిగిన పెద్ద అధ్యయనాలు మాత్రం తేడా ఉందని తేల్చలేదు. రుజువు కాని నేరానికి శిక్ష వేసుకోకూడదని ఆయన ఇతరులకు చెప్పగలడు. అక్క దగ్గరకు వచ్చేసరికి ఆ తర్కం మింగుడుపడలేదు.

రెండో ఆపరేషన్‌కు ముందురోజు ఆయన గదిలోకి వెళ్ళేసరికి, తెలుగు టీచరుగా రిటైరైన అక్క నర్సుకు పాఠం చెబుతోంది.

"'వెళ్తా' ఏమిటే పిచ్చిపిల్లా? గుమ్మం దాటేవాళ్ళు 'వెళ్ళొస్తా' అనాలి."

"ఆస్పత్రిలో ఆ మాటంటే శాపనార్థం టీచరమ్మా!" అని నవ్వుకుంటూ నర్సు వెళ్ళిపోయింది.

అక్క తమ్ముడి వైపు తిరిగింది. "ఏరా, మొహం అలా వేలాడేశావేం? కోత నాకా, నీకా?"

"ఈసారి మత్తు మారుస్తున్నానక్కా. నరంలోంచి ఇస్తా."

"పోయినసారిది మంచిది కాదా?"

"తెలియదు."

"ఇంత చదివీ తెలియదంటావేంట్రా?"

"చదివాను కాబట్టే అంటున్నా."

"పోనీలే, నీకు నిద్ర పట్టేది ఇవ్వు. నాకు ఏదైనా పడుతుంది."

మర్నాడు పాలలాంటి తెల్లని మందు గొట్టంలోంచి నరంలోకి జారింది. అక్క కళ్ళు మూతలు పడ్డాయి.

"గ్యాసు మీద అలిగావా గురూ?" అన్నాడు సర్జను, చేతొడుగులు సవరించుకుంటూ.

ఆయన చూపు యంత్రాల మీదే ఉంది. మెదడు తరంగాల తెర నిండా గాఢనిద్ర. గడ్డ పళ్ళెంలో పడింది. తనకు తెలియకుండానే ఆయన అటు ఒరిగాడు.

"వెళ్తా."

అంతే. వెనక 'వస్తా' లేదు. ఆయన గుండె తేలికపడింది. వెంటనే, తేలికపడినందుకు సిగ్గుపడ్డాడు. జీవితమంతా వాదించి గెలిచిన మనిషి ఒక క్రియాపదానికి లొంగిపోయాడు. అయినా ఆ మాటను మనసులో మళ్ళీ మళ్ళీ అనుకుని చూసుకున్నాడు. అతుకు లేదు. వెళ్తా.

కోలుకునే గదిలో అక్క కళ్ళు తెరిచింది. గొట్టం తీసిన గొంతు బొంగురుపోయింది.

"ఎవర్రా ఆ పిల్ల? గుమ్మంలో నిలబడి 'వెళ్తా' అంది. అచ్చం నా గొంతే."

ఆయన మంచం అంచు పట్టుకున్నాడు. "నువ్వేమన్నావక్కా?"

"పోయినసారి బాగానే అంది, ఈసారి మరిచిపోయినట్టుంది. నా నోరు ఊరుకుంటుందా? అలా అనకూడదమ్మా, వెళ్ళొస్తాననూ, అని దిద్దాను."

"మరి... అందా?"

"అనక?" అక్క మురిపెంగా కళ్ళు మూసుకుంది. "బుద్ధిమంతురాల్రా. ఒక్కసారి చెబితే పట్టేసింది."