నూటికి ఎనిమిది కోత

రామ్‌దాస్ సారు ముప్పై నాలుగేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి, రిటైరయ్యాక పార్టీకి ఓట్ల లెక్కలు చూడసాగాడు. పొద్దున్నే ఎడపల్లిలో బస్సెక్కి నిజామాబాద్ పార్టీ ఆఫీసుకు పోయేవాడు. మేడ మీది చిన్న గదిలో కిటికీ పక్క కుర్చీ ఆయనది. ఎన్నికలు దగ్గరపడితే ప్రతి నియోజకవర్గం నుంచి ఓటరు లిస్టులు ఆ గదికి చేరేవి. ఒక్కో పేరు ఎదుట ఒక గుర్తు ఉండేది. మన ఓటైతే టిక్కు, వాళ్లదైతే ఇంటూ, తేలకపోతే సున్నా. టిక్కులు లెక్కపెట్టి, నూటికి ఎన్నో తేల్చి హైదరాబాద్‌కు కాగితం పంపడమే ఆయన పని.

ఆ కాగితాన్ని బట్టే పార్టీ పైసలు కదిలేవి. నూటికి యాభై దాటితే ఆ సీటు 'ఏ'. ఎలాగూ గెలుస్తాం కదా అని అక్కడ పార్టీ మూట విప్పదు. నలభై లోపైతే 'సి'. ఎలాగూ ఓడతాం కదా అని అక్కడా విప్పదు. ఈ రెంటి మధ్య ఉన్న 'బి' సీట్లకే జీపులు, మైకులు, డీజిల్, పోలింగ్ బూత్ ఖర్చులు.

లిస్టు పట్టుకుని తిరిగే కార్యకర్త తన మేనమామ పేరు ఎదుట ఇంటూ పెట్టడని సారుకు అనుభవం మీద తెలుసు. వియ్యంకుడి పేరు ఎదుటా పెట్టడు. ఆ ఇంటి మీద వేరే జెండా ఎగురుతున్నా టిక్కే పెడతాడు. లేకపోతే రేపు పెండ్లిలో వాళ్ల పక్కన కూర్చుని ఏ మొహంతో బువ్వ తింటాడు? అందుకని ఏ లిస్టు వచ్చినా సారు నూటికి ఎనిమిది కోసేవాడు. ఆఫీసులో దాన్ని చుట్టాల కోత అనేవారు. గత రెండు ఎన్నికల్లో ఆయన పంపిన అంకె దాదాపు సరిపోయింది. ఆయన అంకె మీద హైదరాబాద్‌లో అందరికీ గురి.

ఈసారి తమ సొంత నియోజకవర్గం బోధన్ లిస్టులు కూర్చింది ఆయన కొడుకు ప్రశాంత్. వయసు ముప్పై ఒకటి. మూతపడ్డ షుగర్ ఫ్యాక్టరీని తెరిపిస్తానన్న పార్టీ అభ్యర్థి ఆశన్న మాట నమ్మి, ఆయన కోసం పొలం పనులు కూడా పక్కన పెట్టి తిరిగాడు. లిస్టులు ఇచ్చిన రోజు పొద్దున చాయ్ తాగుతూ తండ్రితో అన్నాడు.

"బాపూ, మా దాంట్ల కోత పెట్టకు. దగ్గరుండి చేపిచ్చిన. చిన్న మేనత్తకు గూడ ఇంటూ పెట్టిన."

"మేనత్తకే? ఇగ ఆమె ఇంట్ల నీకు నీళ్లు గూడ పుట్టయి."

"ఆమెనే పెట్టుకో పోరా అన్నది. పెట్టినంక చాయ్ పోసింది. మన ఇంట్ల చాయ్ కన్న మంచిగుండె."

లోపల పొయ్యి దగ్గర నుంచి భాగ్యలక్ష్మి, "అయితే అక్కడ్నే ఉండకపోయినవు," అంది.

సారు నవ్వలేదు. "నీ ఒక్కనికి కోయకపోతే ఆర్మూరోళ్లు ఏమంటరు? సారు కొడుకు కోసం లెక్క మార్చిండు అంటరు."

"అననియ్యి. లెక్క కరెక్టా కాదా, గది సూడు."

సారు అది చూడలేదు. బడిలో కూడా కొడుకు పేపరును అందరి పేపర్ల కంటే గట్టిగా దిద్దిన మనిషి. ప్రశాంత్ లిస్టుల్లో తేలిన నలభై ఐదులోంచి ఎనిమిది తీసేసి ముప్పై ఏడు వేసి పంపాడు. బోధన్ 'సి'లో పడింది.

మూడో రోజు బోధన్‌లో తిరుగుతున్న పార్టీ జీపులన్నీ పక్క నియోజకవర్గానికి మళ్లాయి. ప్రశాంత్ తండ్రిని ఒక్క మాట అనలేదు. తన మోటార్ సైకిల్‌కు జెండా కట్టుకుని, హ్యాండిల్‌కు చిన్న మైకు బిగించుకుని ఊళ్లు తిరిగాడు. తొమ్మిదో రోజు చీకటి పడుతుండగా తిరిగి వస్తుంటే, పక్క జిల్లా ఫ్యాక్టరీకి పోయే చెరుకు ట్రాక్టరు టైరు పగిలి రోడ్డు మీద ఆగి ఉంది. దాని వెనక లైటు లేదు. ప్రశాంత్ దానికి గుద్దుకున్నాడు. దవాఖానకు తీసుకుపోయే అవసరం రాలేదు.

దినాలైన మరునాడు ఎన్నికల ఇన్‌చార్జి మార్కండేయ హైదరాబాద్ నుంచి వచ్చి సారును ఆఫీసుకు పిలిపించాడు. ప్రశాంత్ దోస్తు భూమేష్ అప్పటికే లిస్టుల కట్ట పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"మీ బాధ నాకు తెల్వదా సార్," అన్నాడు మార్కండేయ. "కానీ ఊళ్లు కదిలినయ్. ప్రశాంత్ పేరు చెప్తే ఆడోళ్లు కండ్లల్ల నీళ్లు పెట్టుకుంటున్నరు. భూమేష్‌తోని మళ్ల లిస్టు చేపిచ్చిన. యాభై రెండు వచ్చింది."

"యాభై రెండు పంపితే 'ఏ' అయితది. రూపాయి రాదు. మీ కోత ఉన్నది గద, ఎనిమిది తీసెయ్యిండ్రి. నలభై నాలుగు. సక్కగ 'బి'ల కూసుంటది. మీ సంతకముంటే పైన ఎవ్వరు మాట్లాడరు."

సారు కట్ట విప్పి ఎడపల్లి లిస్టు తీశాడు. తమ ఇంటి నంబరు దగ్గర మూడు పేర్లు, మూడు టిక్కులు. మూడో పేరు ప్రశాంత్‌ది.

"అలవాట్ల పెట్టిన సారూ," అన్నాడు భూమేష్. "సూసుకోలే."

సారు జేబులోంచి ఎర్ర పెన్ను తీశాడు. చనిపోయినవాళ్ల పేర్లు కొట్టేసే పద్ధతి ఆయనకు తెలుసు. మొదటి అక్షరం నుంచి చివరి దాకా ఒకే గీత, పేరు చదవడానికి వీలుండాలి. అలాగే గీశాడు. తర్వాత మార్కండేయ వైపు తిరిగాడు.

"నలభై ఐదు రాయిండ్రి."

"అది పాత లిస్టుది కద సార్?"

"అది నా కొడుకు అంకె. అప్పుడే కరెక్టు. కోయకని చెప్పిండు, నేనే కోసిన. అప్పుడే 'బి'ల ఉండాల్సింది."

కొడుకు పోయాక ఆ మాట బయటికి రావడానికి ఆయనకు పదమూడు రోజులు పట్టింది. మార్కండేయ కాగితం మీద అప్పటికే రాసి ఉన్న నలభై నాలుగు ఎదుట పెన్ను ఆడించాడు.

"నాలుగైనా ఐదైనా 'బి'నే సార్. మీ ఇష్టం." నాలుగును ఐదుగా దిద్ది కాగితం ఆయన ముందుకు తోశాడు. "ఒక మంచి ఫొటో గూడ కావాలె. నవ్వేది."

సారు సంతకం పెట్టాడు. ఫొటో ఇవ్వనన్నాడు. అది భూమేష్ ఫోన్‌లోంచి ముందు రోజే పార్టీకి చేరిందని అప్పుడు తెలిసింది.

మూడో రోజు పదిగంటల వేళ నాలుగు కొత్త జీపులు సారు ఇంటి ముందు ఆగాయి. ముందరి దానికి ప్రశాంత్ ఫ్లెక్సీ కట్టి ఉంది. చెల్లెలి పెండ్లినాడు నవ్విన నవ్వు. మైకులో ఎవరో అద్దె గొంతు, "అమరుడు ప్రశాంతన్న ఆశయం" అంటూ మొదలుపెట్టింది. భూమేష్ దిగి గేటు దగ్గరే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అవ్వా, బండ్లచ్చినయ్. నీ చేతితోని బొట్టు పెడితె పోతం."

భాగ్యలక్ష్మి అరుగు దిగి వచ్చింది. ఫ్లెక్సీ వైపు చూడలేదు. జీపులను ఒక్కొక్కటే లెక్కపెట్టింది.

"నాలుగు బండ్లు," అంది. "మొన్న నా కొడుకు మోటర్ సైకిల్ మీద తిరిగిననాడు గివి యాడున్నయ్ రా?"

భూమేష్ తల వంచుకున్నాడు. "పార్టీవి అవ్వా. పైనోళ్లు..."

"పైనోళ్లు కాదు," అన్నాడు సారు. కుర్చీలోంచి లేచి ఆమె ఎదుట నిలబడ్డాడు. "నేనే ఆపిన. కోయకు బాపూ అన్నడు. నువ్వు గూడ పొయ్యికాడ నుంచి విన్నవు. నేను కోసిన. గందుకే బండ్లు పోయినయ్."

ఆమె ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. ముప్పై అయిదేళ్ల కాపురంలో ఆమె ఆయనను అలా చూసింది లేదు. భూమేష్ జీపు వైపు చెయ్యి ఊపి మైకు ఆపించబోయాడు.

"ఆపకు," అంది భాగ్యలక్ష్మి. "గింకా జోర్‌గ పెట్టు. రోజు గీ ఇంటి ముంగట్నుంచే పోండ్రి. ఊరోళ్లు ఇంటె ఇంటరు, లేకుంటె లేదు. ఈయన ఇనాలె."

బొట్టు పెట్టకుండానే లోపలికి వెళ్లిపోయింది. డ్రైవరు భూమేష్ మొహం చూసి మైకు సౌండు పెంచాడు. సారు గేటు పట్టుకుని, నాలుగు జీపులూ మలుపు తిరిగే దాకా విన్నాడు.