మిగిలిన నట్టు

“బండి చక్రం విప్పి, తుడిచి, మళ్లీ బిగించినాక ఒక నట్టు చేతిలో మిగిలిందనుకోండి. అప్పుడేం చెయ్యాలి?” అని అమ్మమ్మ మనవలను అడిగింది.

డబ్బాలో దాచుకోవాలన్నాడు మనవడు. మళ్లీ విప్పి చూడాలంది మనవరాలు. అమ్మమ్మ ఆ పిల్లకు సగం మార్కులు వేసి కథ మొదలుపెట్టింది.

ఇల్లందు శివార్లలో అప్పట్లో మోటారుబండ్ల సంఘం షెడ్డు ఒకటుండేది. బొగ్గుబాయిల్లో పనిచేసేవాళ్లు, అడవి ఊళ్లకు తిరిగేవాళ్లు ఓ ముప్పైమంది కలిసి రేకులు కప్పుకుని, పానాలు, జాకీలు ఉమ్మడిగా పెట్టుకున్నారు. మెకానిక్కంటూ ఎవరూ లేరు. ఎవరి బండి వాళ్లే విప్పాలి, వాళ్లే బిగించాలి. పక్కవాడు చక్రం పట్టుకోవచ్చు, సలహా చెప్పొచ్చు, వెక్కిరించొచ్చు. పానా మాత్రం తిప్పకూడదు.

అన్నీ సరిపోయాక కూడా నట్లు కడిగే పళ్లెంలో ఒకటి మిగిలిందంటే అది దారిలో ఉన్న ఇంకొకరిది. వెచ్చగా ఉంటే వాళ్లింకా నడుపుతున్నట్టు. ఎవరో ఒకరు దాన్ని గుప్పిట్లో పట్టుకుని బయల్దేరేవారు. వేడి పెరిగే దిక్కుకు పోతే మనిషి దొరికేవాడు. ఒకసారి ముత్యాలు అనే అతని చేతిలో మిగిలింది చల్లగా ఉంది. ఆ రోజు పానాలు తీసుకుపోలేదు, మంచం తీసుకుపోయారు.

నిర్మలాదేవిది సత్తుపల్లి వైపు. అడవి ఊళ్లకు టీకాలు వేసే నర్సు. లూనా కొనుక్కుని షెడ్డులో చేరిన ఒకే ఒక్క ఆడమనిషి. ఆమెకు పానా పట్టడం నేర్పింది షెడ్డు పెద్ద రాందాస్. ఏడిపించేది మాత్రం దూలయ్య. ఆమె చైను లాకు తిరగేసి పెట్టిన రోజున, నర్సమ్మ సూది కూడా మొద్దు వైపు నుంచే గుచ్చుతదేమోనని షెడ్డంతా వినేలా అన్నాడు. అందరితోపాటు తనూ నవ్వింది గాని ఆ మాట వారం రోజులు లోపల మెదులుతూనే ఉంది.

ఎనభై ఆరు, మే నెల. పొద్దున ఎనిమిదింటికి ఆమె బ్రేకు శుభ్రం చేసి ముందు చక్రం బిగించేసరికి కిరసనాయిలు పళ్లెంలో ఒక పెద్ద ఇరుసు నట్టు వెచ్చగా మిగిలింది. తన బండివి రెండుసార్లు లెక్కపెట్టింది, అన్నీ ఉన్నాయి. లూనాకు అంత పెద్ద నట్టే ఉండదు. అదేమిటో ఆమెకు తెలుసు. కానీ దూలయ్య ఇటే చూస్తున్నాడు. నోరు విప్పితే ముందు తన బండిని తడుముతారు, తర్వాతే నమ్ముతారు. ఎలాగూ పోయేది అడవి దారినే కదా, తనే ఇచ్చేయొచ్చని సర్దిచెప్పుకుని, నట్టును గుడ్డలో చుట్టి సంచిలో వేసుకుంది.

ఆమె వెనక సీటుకు టీకాల డబ్బా కట్టి ఉంది. లోపల ఐసు ముక్కలు, వాటి మధ్య తట్టు టీకా సీసాలు. వాగవతలి గూడెంలో అరవైమంది పిల్లలు ఎదురుచూస్తున్నారు. అక్కడ ముత్తక్క ఇద్దరు కొడుకుల్లో పెద్దవాణ్ణి పోయిన నెలే తట్టు తీసుకుపోయింది.

ఎనిమిది మైళ్లు పోయేసరికి సంచి నడుముకు చురుక్కుమంది. తునికిచెట్టు కింద ఆగి గుడ్డ విప్పింది. నట్టు అంచున, పొద్దున చూసుకోనివి, ఆకురాయితో గీసిన రెండు గీతలు. అది రాందాస్ గుర్తు. ఏడింటికే పోయాడు, పెద్ద బండి మీద. ఈ పాటికి వాగు దిగుడు దగ్గరికి చేరి ఉంటాడు. అక్కడ ముందు చక్రం ఊడితే కింద రాళ్లే. లూనా ఎంత తొక్కినా అందదు.

గుడ్డ పొగలు కక్కుతోంది. అడవిలో ఒక్క పిట్ట కూయడం లేదు. నట్టు లోపలినుంచి రాందాస్ బండి దడదడ సన్నగా వేళ్లకు తెలుస్తోంది.

వెచ్చగా ఉంటే నడుస్తున్నట్టు. చల్లబడితే ఆగినట్టు. ఆగేది బండా, మనిషా? షెడ్డులో ఎవరూ ఆ రెండూ విడదీసి చెప్పలేదు.

ఆమె డబ్బా మూత తీసి, నట్టును ఐసులోకి నొక్కి పట్టింది. బుస్సుమని ఆవిరి లేచింది. ఐసు పగిలింది, కరిగింది. దడ నెమ్మదించి, ఒకటి, ఇంకొకటి, ఆగిపోయింది. నట్టు చల్లబడింది.

దాన్ని మళ్లీ సంచిలో వేసుకుని బండెక్కింది.

దిగుడుకు ఇరవై గజాల ఇవతల బండి నిలబడి ఉంది. మే నెల ఎండలో ట్యాంకు మీద, ఇంజను మీద తెల్లగా మంచు పేరుకుంది. ముందు చక్రం పక్కకు ఒరిగి ఇరుసు మీద సగమే ఉంది. రాందాస్ సీటు మీదే కూర్చుని వణుకుతున్నాడు. కుడిచెయ్యి హ్యాండిలుకు అతుక్కుపోయింది. ఆమె ఒక్కొక్క వేలూ ఊడదీసింది.

“గింత చలేంది నర్సమ్మా,” అన్నాడు.

ఆమె దాచకుండా అంతా చెప్పింది.

“దూలయ్య నవ్వుతడనే దాచినవా?”

“అవును.”

“షెడ్డుల చెప్తే వాడే వచ్చేటోడు. నన్ను అందుకోకపోయేటోడు,” అని నట్టు తీసుకున్నాడు. ఆమె చక్రం పట్టుకుంది. పానా అతనే తిప్పాడు, ఎడమచేత్తో.

డబ్బాలో మాత్రం అంతా నీళ్లే. ఐసు కోసం మళ్లీ ఇల్లందు పోవాలి, ఆలోపు ఈ సీసాలు పాడైపోతాయి. ఆమె రోడ్డు మీదే కూలబడింది. రాందాస్ డబ్బాలోకి తొంగి చూసి తన కుడిచెయ్యి నీళ్లలో పెట్టాడు. నీళ్ల మీద సన్నటి పొర కట్టింది.

“జల్దీ పోదాం పా,” అన్నాడు.

సాయంత్రందాకా గూడెంలో ఆ చెయ్యి డబ్బాలోనే ఉంది. ఆఖరున చిన్నకొడుకును ఎత్తుకొచ్చిన ముత్తక్క దాన్ని చూసింది. ఇంట్లోంచి గొంగడి తెచ్చి అతని భుజాల మీద కప్పింది.

ఆ చెయ్యి మళ్లీ వెచ్చబడలేదు. రాందాస్ బాయి పని మానేసి, ఐసు చేరని ఊళ్లకు ఆమె వెంట పన్నెండేళ్లు టీకాల డబ్బా మోశాడు. ఆ దారిలో తట్టు మరి ఏ బిడ్డనూ తీసుకుపోలేదు. ఆ సంగతి జరిగిన రెండేళ్లకు ఆయనకూ ఒక కూతురు పుట్టింది. ఆ పిల్లను ఎప్పుడూ ఎడమచేత్తోనే ఎత్తుకున్నాడు.

“రాత్రి నిద్దట్లో కుడిచెయ్యి తగిలితేనో?” అంది మనవరాలు.

“అందుకే ఆయన మా ఇద్దరికీ దూరంగా, వేరే పడుకునేవాడు,” అంది అమ్మమ్మ. చాటలో కందిపప్పు సగమే ఏరానంటూ, మిగతా సగం ఏరడానికి లేచి వెళ్లింది.