గుసగుసలు

మా ఇంట్లో గుసగుసలు మొదలైంది నాకు టీబీ వచ్చాకే అనుకున్నాను. మామూలు మందులకు లొంగని రకం, నెలల తరబడి సూదులు వేయించుకోవాలన్నారు. తొమ్మిది నెలల పాపను కణేకల్‌లో మా అమ్మ దగ్గరికి పంపించేశారు. దానికింకా మాటలు రాలేదు. "నీకు నయమైపోయేసరికి నిన్ను అమ్మా అని పిలుస్తాది లే" అని అమ్మ ధైర్యం చెప్పింది. ఆ పిలుపు కోసమే ప్రతి సూదికీ పళ్లు బిగపట్టుకున్నాను.

నాకు వసారాలో వేరే మంచం. మా అత్త, నా మొగుడు ఆంజి మూతికి గుడ్డ కట్టుకుని దూరంగా నిలబడి మాట్లాడుకునేవాళ్లు. మొదట్లో మాటలు తెలిసేవి, పోనుపోను గొణుగుడే మిగిలింది. నన్ను వదిలించుకునే ఆలోచనేదో చేస్తున్నారని కడుపు మండిపోయేది.

చెవుల్లో కీచుమంటోందని సూది వేసే నర్సు కృపాకుమారికి ఒకసారి చెప్పాను. "ఒంట్లో రక్తం తక్కువుండాదిలేమ్మా, బెల్లం తిను" అంది. తిన్నాను, తెలివితక్కువదాన్ని.

ఒకరోజు ఇక పట్టలేక ఆంజి చొక్కా పట్టుకున్నాను.

"ఏం గుసగుసలాడతాండారు అమ్మా కొడుకులు? నా ముందర చెప్పండి."

ఆంజి మూతి గుడ్డ లాగేశాడు. నోరు పెద్దగా తెరుచుకుంది, మెడ నరాలు ఉబ్బినాయి. అతను అరుస్తున్నాడని అప్పుడు అర్థమైంది.

ఆ సూదే చెవుల్ని దెబ్బతీసిందని పెద్ద డాక్టరు కాగితం మీద రాసి చూపించాడు. ముందే చెవులు పరీక్ష చేసి ఉండాల్సిందట. సూది మాన్పించి మందు మార్చారు. పోయిన వినికిడి ఇక రాదన్నారు. చెవికి మిషన్ పెట్టి చూస్తే రొద తప్ప మాట తెలియలేదు. ఇంకో ఏడాదికి టీబీ మాత్రం పూర్తిగా పోయింది. అందరూ సంతోషించారు, నాకు ఏడుపొచ్చింది.

మా అమ్మ పాపను తీసుకొచ్చింది. వాకిట్లో నిలబడి పాప నన్నే చూసింది. దాని పెదాలు కలిసి, విడిపోయాయి. అమ్మా అనే అంది, నాకు తెలుసు. మోకాళ్ల మీద కూర్చుని చేతులు చాపాను.

"ఇంగోసారి అను తల్లీ, నా చెవికాడ అను."

పాప ఉలిక్కిపడి మా అమ్మ కొంగులో ముఖం దాచుకుంది. భుజాలు ఎగిరిపడేలా ఏడుస్తోంది. ఆంజి నా చేయి పట్టుకుని, మెల్లగా అని సైగ చేశాడు.

నేను మెల్లగానే అన్నాననుకున్నాను.