ఆమె చదవని కాగితం

పాప జుట్టు రెండు పాయలుగా విడదీసి కుడివైపు జడ సగం అల్లేసరికి ఫోన్ మోగింది. ఆమె దాన్ని భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని అల్లుతూనే ఉంది. చేయి ఆగితే ఆగవచ్చు గానీ బడి బస్సు ఆగదు.

"చెల్లెమ్మా, శుభవార్త! మూడు చోట్ల నుంచి పిలుపు రాబోతోంది. నువ్వు నిశ్చింతగా ఉండు. అన్నీ నేను చూసుకుంటాగా."

ఆ గొంతు ఆమె భర్త కాలేజీ స్నేహితుడిది. లాయర్లకు ఒక లా ఫర్మ్ నుంచి ఇంకోదానికి మారేందుకు ఉద్యోగాలు చూసిపెట్టే కన్సల్టెన్సీ నడుపుతాడు. పరిచయమైన మొదటి రోజే ఆమెను చెల్లెమ్మను చేసుకుని, తాను అన్నయ్యనన్నాడు. ఆ వరసన ఆమె భర్త బావ అయిపోయాడు. తేనె పూసిన మాట. వింటున్నంతసేపూ బాగానే ఉంటుంది, ఫోన్ పెట్టేశాక మాత్రం అతను చెప్పిందేమిటో ఒక్క ముక్కా గుర్తుండదు.

"ఏ మూడు చోట్లండీ?"

"అవన్నీ ఇప్పుడెందుకమ్మా, నీకసలే పొద్దున్నే హడావిడి. బావతో మాట్లాడతాలే."

"అమ్మా, నొప్పి!" అంది పాప. జడ మరీ బిగుసుకుపోయింది. విప్పి మళ్లీ మొదలుపెట్టింది.

వంటింట్లోంచి అత్తగారు అందుకున్నారు. "ఉన్న ఉద్యోగానికేమొచ్చిందమ్మా? కూర్చున్న కొమ్మను ఎవరైనా నరుక్కుంటారా?"

ఉన్న ఉద్యోగానికేమొచ్చిందో ఆమె ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయింది. పదకొండేళ్లుగా ఒక లా ఫర్మ్‌లో లాయరుగా ఒప్పందాలు రాస్తోంది. జూనియర్లు చాటుగా ఆమెను "కామా మేడమ్" అంటారు, ఎంత పెద్ద దస్తావేజులోనైనా తప్పు చోట పడిన కామా ఆమె కంటికి ఇట్టే దొరుకుతుందని. రాసేది ఆమె, సంతకం ఫర్మ్ నడిపే పెద్దాయనది. అదంతా అలవాటైపోయిందనే అనుకుంది. కిందటి నెలలో, ఒప్పందం ఎలా మొదలుపెట్టాలో కూడా తన దగ్గరే నేర్చుకున్న కుర్రాణ్ణి పార్ట్‌నర్‌ని చేశారు. ఆ రోజు పెద్దాయన ఆమెను గదిలోకి పిలిచి, ఎంతో దయగా, "మిగతా పార్ట్‌నర్లు నీ పేరు కూడా అన్నారమ్మా. నీకు ఇల్లు, చంటిపిల్ల, పెద్దావిడ... అంత భారం నీకెందుకని నేనే వద్దన్నాను" అన్నారు. ఆమె "థాంక్యూ సర్" అంది. ఎందుకలా అంది? చంటిపిల్లకు ఏడేళ్లని కూడా ఎందుకు అనలేదు? ఆ రోజు నుంచీ కూరగాయలు తరుగుతున్నా, బస్సులో నిలబడినా ఆ "థాంక్యూ సర్" చెవిలో దోమలా మోగుతూనే ఉంది. వెళ్లిపోవాలనుకుంది. వెళ్లిపోతే కోపం తగ్గుతుందో, కోపం తగ్గాక అక్కడే ఉండిపోవాలనిపిస్తుందో తేలక ఊగిసలాడింది. ఈ ఊగిసలాట చూసే భర్త రెజ్యూమె అడిగి తీసుకుని స్నేహితుడికి పంపేశాడు. "మనవాడు. కళ్లు మూసుకుని నమ్మొచ్చు" అన్నాడు.

రెండేళ్ల కిందట అదే ఫర్మ్ వదిలి వెళ్లిన స్నేహితురాలిని అడిగితే, ఇలాగే ఉద్యోగాలు చూసిపెట్టే ఇంకొకావిడ నంబరిచ్చింది. "మేమంతా సూదమ్మ అంటాం. మాట్లాడితే గుచ్చుతుంది. కానీ కుట్టాల్సింది కూడా సూదేగా" అని నవ్వింది.

భోజనాల వేళ, ఆఫీసు మెట్ల మీద, ఐదో అంతస్తుకూ ఆరో అంతస్తుకూ మధ్య నిలబడి ఆమె సూదమ్మకు ఫోన్ చేసింది.

"ఎందుకు మారాలనుకుంటున్నారు?" బొంగురు గొంతు. పలకరింపు లేదు, చెల్లెమ్మ లేదు.

"అంటే... ఎదుగుదల కోసం."

"అది అందరూ చెప్పే మాట. మీ మాట చెప్పండి."

ఆమె తడబడింది. అవతలి మనిషి ఇంకో ప్రశ్న వేసింది.

"మీ రెజ్యూమె ఇంకెవరి దగ్గరైనా ఉందా? వాళ్లు ఎక్కడెక్కడికి పంపుతున్నారో మిమ్మల్ని అడిగే పంపుతున్నారా? పంపే కాగితం మీరు చదివారా?"

"మావారి స్నేహితుడండీ. తెలిసినవాడే."

"తెలిసింది మీకా, మీవారికా?" అంది సూదమ్మ. "ఇంకో సంగతి. నాకు ఫీజిచ్చేది మీరు కాదు, మిమ్మల్ని తీసుకునే ఫర్మ్. కాబట్టి నన్ను కూడా పూర్తిగా నమ్మకండి. ప్రతిదీ అడగండి. బాగా ఆలోచించుకుని చేయండి."

ఇంటికొచ్చి ఆ మాట చెబితే భర్త పడీపడీ నవ్వాడు. "నన్ను నమ్మొద్దని తానే చెప్పుకునేదాన్ని పట్టుకుని ఏం చేస్తావోయ్? దుకాణంవాడు మా సరుకు బాగుండదంటే కొంటామా?"

అదీ నిజమేననిపించింది. నమ్మమనేవాణ్ణి నమ్మాలా, నమ్మొద్దనేదాన్ని నమ్మాలా? ఎదుటి పక్షం రాసిన ఒప్పందంలో ఏ మాట వెనక ఏ గొయ్యి ఉందో చూడకుండా చెప్పగలిగే మనిషికి తన సంగతి వచ్చేసరికి బుర్ర పనిచేయడం లేదు.

అన్నయ్య చెప్పిన మూడు పిలుపుల్లో మొదటిది ఆ గురువారం వచ్చింది. పెద్ద ఫర్మ్. అద్దాల గది, పొడవాటి బల్ల, అవతల కళ్లజోడు పెద్దమనిషి, పక్కన రాసుకుంటున్న ఒక అమ్మాయి. గంటసేపు పని గురించే అడిగారు. అన్నింటికీ గడగడా చెప్పింది. పదకొండేళ్ల తర్వాత తన పని గురించి తన నోటితో చెప్పుకుంటుంటే లోపలెక్కడో ఒక కిటికీ తెరుచుకున్నట్టయింది.

చివర్లో కళ్లజోడాయన ఎదురుగా ఉన్న కాగితం తట్టి, "మీలాంటివాళ్లు అరుదు. ఇవన్నీ ముందే స్పష్టంగా చెప్పేస్తే మాకు తలనొప్పి ఉండదు" అన్నాడు.

"ఏవి సార్?"

ఆయన కాగితం ఆమె వైపు తిప్పాడు. పేరు కింద, చదువు కింద, బొద్దు అక్షరాల్లో ఉంది. "కుటుంబ బాధ్యతలు స్థిరపడ్డాయి. రెండో సంతానం, ఆలోచన లేదు. అత్తగారు ఇంట్లోనే ఉంటారు కనుక పనివేళల ఇబ్బంది లేదు."

"సంతానం" తర్వాత కామా తప్పు. ముందు అదే కంటికి ఆనింది. అర్థం ఆ తర్వాత తలకెక్కింది. ఫర్మ్‌లో ఏ కాగితమూ తన కళ్లు దాటకుండా గడప దాటదు. తన కాగితం మాత్రం తనకు తెలియకుండా ఊరంతా తిరిగొచ్చింది. రాసుకుంటున్న అమ్మాయి తలెత్తి ఆమె ముఖంలోకి చూసి చటుక్కున చూపు దించుకుంది.

"ఇది నేను రాయలేదండీ" అందామనుకుంది. "చూసి చెబుతానండీ" అని మాత్రమే అనగలిగింది. ఏం చూస్తుంది, ఏం చెబుతుంది?

బయటికొచ్చి ఎటు వెళ్లాలో తెలియనట్టు పేవ్‌మెంటు మీద నిలబడిపోయింది. "రెండో సంతానం" అన్న మాటతో ఆరు నెలల కిందటి సంగతి గుర్తొచ్చింది. నెలసరి తొమ్మిది రోజులు ఆలస్యమైంది. ఆ తొమ్మిది రోజులూ ఎవరికీ చెప్పకుండా దాన్ని ఒడిలో దాచుకున్నట్టు తిరిగింది. ఒకరోజు వద్దే వద్దనుకునేది. మర్నాడు పాప పాతబట్టలున్న మూట ఎక్కడుందా అని వెతికేది. పదో రోజున, ఆఫీసు బాత్రూంలో తెలిసింది, ఏమీ లేదని. కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. ఊరటతో ఏడ్చిందో, దిగులుతో ఏడ్చిందో ఈ రోజుకీ తెలియదు. ఆ సాయంత్రం భర్తకు చెబితే, "హమ్మయ్య, గండం గడిచింది" అని టీవీ సౌండు పెంచాడు. ఇంకెవరికీ చెప్పలేదు.

అక్కడి నుంచే అన్నయ్యకు ఫోన్ చేసింది.

"ఆ మాట ఎవరు రాయమన్నారండీ?"

"ఏ మాట? ఓ, అదా! బావే చెప్పాడు చెల్లెమ్మా. ఆడవాళ్లను తీసుకునేటప్పుడు అందరి అనుమానమూ అదేగా. ముందే తీసేశామనుకో, దారి సాఫు!"

"ఎన్ని చోట్లకి పంపారు?"

"ఏడింటికి. వల పెద్దదైతేనే కదమ్మా చేప పడేది. నువ్వేం గాభరా పడకు, మీ పెద్దాయన చెవిన పడదులే. అంటే, ఆయన బావమరిది ఉన్న ఫర్మ్‌కి కూడా పంపాననుకో. అయినా ఆ బావమరిది మనవాడే."

ఇంటికి చేరేసరికి సాయంత్రం ఆరైంది. భర్త పాపకు లెక్కలు చెబుతున్నాడు. పాపను అవతలికి పంపి అడిగింది.

"నీ మంచికేగా!" అన్నాడతను. నిజంగానే ఆశ్చర్యపోయాడు, దొంగతనం దొరికినవాడి ముఖం కాదది. "వాడు అడిగాడు, ఎవరో ఒకరు చెప్పాలి కదా. నువ్వైతే దేనికీ ఒక మాట మీద నిలబడవు. అయినా అందులో అబద్ధమేముంది? మనకు రెండోది వద్దనేగా? కాదా? చెప్పు."

ఆమె నోరు తెరిచింది. కావాలనీ అనలేదు, వద్దనీ అనలేదు. అతను రెండు చేతులూ చాచి, "చూశావా?" అన్నాడు. మౌనాన్ని అంగీకారంగా తీసుకోరాదు అని ఎన్నెన్ని ఒప్పందాల్లో రాసిందో! ఇంట్లో ఆ షరతు చెల్లదు కాబోలు. గుమ్మం దగ్గర అత్తగారు, "వాడి స్నేహితుడు మాత్రం పరాయివాడా ఏమిటమ్మా" అన్నారు. ఆమెకు ఒక్క క్షణం తనదే తప్పేమో అనిపించింది. ఏమీ తేల్చుకోని మనిషికి కోపపడే హక్కుంటుందా?

బాల్కనీలో ఆరిన బట్టలు తీస్తూ సూదమ్మకు ఫోన్ చేసి అంతా చెప్పింది, తొమ్మిది రోజుల సంగతి తప్ప.

"ఏడు చోట్లా? ఆ ఏడింటికీ నేనిక పంపలేను. ఒక మనిషిని ఇద్దరు కన్సల్టెంట్లు తీసుకొచ్చారంటే మీ కాగితమే పక్కన పడేస్తారు. ముందు అతనికి రాతపూర్వకంగా చెప్పండి, ఇక నా తరఫున ఎక్కడా మాట్లాడొద్దని. రేపు పొద్దున్నే మీ పెద్దాయనకు మీరే చెప్పండి, వేరేవాళ్ల నోట వినకముందే."

"ఎందుకు వెళ్తున్నావని అడిగితే ఏం చెప్పను?"

"అది నాకెలా తెలుస్తుంది?" అంది సూదమ్మ.

గుచ్చుకుంది. కానీ బట్టలు మడత పెడుతున్నంతసేపూ ఆ మాటే తిరగేస్తూ ఉంటే, తనకు బదులు జవాబు చెప్పనన్న మనిషి ఇన్నాళ్లకు ఒకరు దొరికారనిపించింది. అన్నయ్యకు మూడు వాక్యాల ఉత్తరం రాసి పంపింది.

మర్నాడు పెద్దాయన అంతా విని, "ఇంట్లోవాళ్ల బలవంతమా అమ్మా?" అన్నారు.

"కాదండీ."

"మరెందుకు?"

"పార్ట్‌నర్ అవడం వద్దని నేను అనలేదు సార్. మీరన్నారు."

ఆయన ఎదురుగా ఉన్న ఫైలు మూసి పెట్టారు. "నీ మంచికేనమ్మా" అన్నారు. నిన్న ఇంట్లో విన్న మాటే. ఆమె బయటికొచ్చి తన బల్ల దగ్గర కూర్చుంది. ధైర్యం చేసిందో, కొంప ముంచుకుందో అర్థం కాలేదు. ఉద్యోగంలోంచి తీసేయలేదు గానీ, ఆ వారం నుంచి పెద్ద ఒప్పందాలు వేరే బల్లకు పోవడం మొదలైంది.

పది రోజులకు సూదమ్మ ఒక కాగితం పంపింది. చిన్న ఫర్మ్, ఆరుగురే లాయర్లు. జీతం ఇప్పటికంటే పెద్దగా ఎక్కువేం కాదు. అక్కడి నుంచి కిందటేడు ఒకావిడ ఎందుకు మానేసిందో కూడా రాసి, ఆవిడ ఒప్పుకుందని చెప్పి ఫోన్ నంబరిచ్చింది. దాంతోపాటే ఆ ఫర్మ్‌కు పంపబోయే ఈమె ప్రొఫైల్ కూడా ఉంది, అందులో చేసిన పని తప్ప ఇంకేమీ లేదు. "చదవండి. మీరు సరేనంటేనే పంపుతాను. తొందరేం లేదు."

ఆమె నాలుగుసార్లు చదివింది. సరేననలేదు. ఆ మానేసినావిడకు ఫోన్ చేసింది, ఆవిడ చెప్పినదాంట్లో సగం మంచి, సగం చెడు. మళ్లీ చదివింది. ఒకరోజు వెళ్లాలనిపించింది, ఒకరోజు లేదు. రెండో బిడ్డ సంగతీ అంతే.

ఆ ఆదివారం ఆమె హాల్లో పాప పుస్తకాలకు అట్టలు వేస్తోంది. భర్త ఫోన్‌లో మాట్లాడుతూ వచ్చి, మైకుకు అరచేయి అడ్డం పెట్టాడు.

"వాడేనోయ్. చెల్లెమ్మ కోపంలో రాసిందిలే అని మనసులో పెట్టుకోలేదు పాపం. ఇంకేదో మంచి ఫర్మ్ ఉందట. అసలు నీకెలాంటిది కావాలని అడుగుతున్నాడు. ఏం చెప్పమంటావ్?"

ఆమె అట్ట అంచు మడిచి, గోటితో గట్టిగా గీత గీసింది.

"తెలియదని చెప్పండి."

"అదేంటి, నీకే తెలియదని చెప్పనా?" అని నవ్వాడతను.

ఆమె తలెత్తి అతని కళ్లలోకి చూసింది.

"కాదు. మీకు తెలియదని చెప్పండి."