అంగిట్లో నిప్పు

మూడో మడి సగమయ్యేసరికి వాన మళ్ళీ అందుకుంది. మోకాలి లోతు బురదలో పన్నెండుమంది ఆడవాళ్ళు నడుములు వంచి, వెనక్కి జరుగుతూ వరి నాట్లు వేస్తున్నారు. అందరి పెదాల మధ్యా చుట్టలున్నాయి గాని ఎవరి చుట్టకూ నిప్పు కనబడదు. నిప్పున్న కొస నోటి లోపలికి పెట్టుకుని పీల్చే అడ్డపొగ అది. వానకు ఆరదు, చేతుల్లో పని ఆగదు.

కూర్మమ్మ నోరొక్కటే ఖాళీ.

నలభై ఏళ్ళు కాల్చింది. తొమ్మిదేళ్ళ పిల్లప్పుడు, పొయ్యిలో చుట్ట ముట్టించి తెమ్మని తల్లి పంపితే, దారిలో ఆరిపోకుండా రెండు దమ్ములు లాగేది. అదే అలవాటైంది. మొన్న శివరాత్రి వెళ్ళాక అంగిట్లో పుండు లేచింది. పేట ఆసుపత్రి డాక్టరు నోట్లోకి దీపం పట్టి చూశాడు.

“చుట్ట మానెయ్యి. పట్నం పెద్దాసుపత్రికి వెళ్ళు. ఇంకా ముందే రావలసింది” అన్నాడు.

చుట్ట మానేసింది. పట్నం వెళ్ళలేదు. కొడుకు జగన్నాధం దొరల యుద్ధం కోసం వేసే రోడ్ల పనికి అస్సాం పోయాడు. కడుపుతో ఉన్న కోడలు గౌరిని ఒంటరిగా ఎలా వదులుతుంది? పుండు సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు గంజి తాగితే ముక్కులోంచి వస్తోంది. అందుకని గోడవైపు తిరిగి తాగుతుంది.

పక్క వరసలో గౌరి చలికి వణుకుతోంది. పొరుగింటి తవిటమ్మ తన చుట్ట తీసి అందించింది.

“ఇదిగో గౌరీ, నిప్పు లోపలికెట్టుకుని పీల్సు. సలి దిగిపోతాది.”

గౌరి చెయ్యి కడుక్కుని అందుకుంది.

కూర్మమ్మ నారు వదిలేసి వచ్చింది. కోడలి రెక్క పట్టుకుని గట్టు దగ్గరికి లాక్కెళ్ళింది. అయిదు నెలలుగా మూతికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసేసి, తల వెనక్కి వాల్చి, నోరు తెరిచింది.

“సూడు.”

అంగిలి మధ్యలో నల్లటి అంచుల కన్నం. ఆ వాసనకు గౌరి మొహం తిప్పుకోబోయి, తిప్పుకోలేకపోయింది.

“ఓలమ్మో! ఏటత్తా ఇది? నాకెందుకు సెప్పనేదు?”

“సిగ్గేసినాది.” మాట సగం ముక్కులోంచే వచ్చింది. “మాయమ్మ కాడ నేర్సుకున్నాను. ఆయమ్మా ఇలాగే పోనాది. అప్పుడు అమ్మోరి కోపమనుకున్నాం. నువ్వు ముట్టకు. రేపు నీ పిల్ల సేత ముట్టించకు.”

గౌరి చుట్ట తిరిగిచ్చేసింది.

కూర్మమ్మ మళ్ళీ వరసలో వంగింది. పొద్దు వాలుతుండగా, “నడుం లాగేస్తంది. కూకుంటాను, మీరు కానీండి” అని గట్టెక్కింది. మడి పూర్తయ్యాక గౌరి పిలిచింది. మళ్ళీ పిలిచింది. కూర్మమ్మ మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చునే ఉంది. భుజం మీద చెయ్యి వేస్తే చల్లగా తగిలింది.

నలుగురు పట్టుకుని ఊళ్ళోకి మోసుకెళ్ళారు. తవిటమ్మ ఏడుస్తూనే వెనకాల నడిచింది. ఏడుస్తూనే, తెలియకుండానే, ఇంకో చుట్ట ముట్టించింది.

గట్టు మీద, కూర్మమ్మ వానకు కప్పుకునే తాటాకు గిడుగు వెల్లకిలా పడి ఉంది. దాని గుంటలోకి వాన నీళ్ళు చేరుతున్నాయి.