మాటకో తోక

నేను ఒక నల్లబల్లని. బల్ల అన్నాను కదా అని చెక్క అనుకునేరు! నాలో చెక్క అన్నది పైనొక కర్ర, కిందొక కర్ర, మధ్యలోదంతా గుడ్డే. మేకుకి తగిలిస్తే వేలాడతాను. పనైపోయాక చాపలా చుట్టేసి చంకలో పెట్టుకుపోవచ్చు. బడి గోడలకి అతుక్కుపోయిన నా జాతివాళ్ళు నన్ను చూసి మూతి విరుస్తారు. విరవనివ్వండి. వాళ్ళు పుట్టి బుద్ధెరిగి ఒక్క గదే చూశారు, నేను ఎన్ని గదులు చూశానో!

నేను పుట్టింది తునిలో, వీరవేణి కుట్టుమిషను మీద. ఆమెకి కొత్తగా పెళ్ళయిన రోజులవి. మొగుడు దొరబాబు బీయిడీలో చేరి, తెచ్చుకోవలసిన సామాన్ల జాబితా పట్టుకొచ్చి చదివాడు. అందులో ‘రోలప్ బోర్డు’ అని ఉంది. వీరవేణి ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి. “రోలు అప్పు తెచ్చుకోడం ఏంటండీ, నామోషీ కాదూ? మన రోలే పట్టుకెళ్ళండి,” అంది. ఆయన నవ్వలేక మంచం మీద పడ్డాడు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. అది చుట్టి పట్టుకెళ్ళే నల్లబల్ల అని తెలిశాక మాత్రం ఆయన్ని కొట్టుకి వెళ్ళనివ్వలేదు. దళసరి గుడ్డ తెప్పించి, అంచులు రెండు మడతలు వేసి కుట్టి, కర్రలు దూర్చింది. నల్లరంగు ఆయన పూశాడు. అది ఆరేదాకా ఇద్దరూ నా పక్కనే కూర్చుని ఏవేవో కబుర్లు చెప్పుకున్నారు.

చదువు పూర్తవగానే అందరూ ఇలాంటి బోర్డుల్ని అటక మీదకి గిరాటేశారు. దొరబాబు మాస్టారు నన్ను ఇరవై ఎనిమిదేళ్ళు చంకలో మోశాడు. గోడబల్ల మీద వ్యాకరణం, వ్యాసాలు, నానా చెత్తా రాసేవాడు. నా మీద మాత్రం ఒక్కటే పాఠం. ఇంగ్లీషు క్రియలు, వాటి తోకలు.

“ఇంగ్లీషు క్రియ ఒంటరిగా ఉన్నంతసేపూ బుద్ధిమంతుడేరా,” అనేవాడు పిల్లలతో. “వెనకాల చిన్న ముక్క తగిలిందా, ఇంక మన మాట వినడు. గివ్ అంటే ఇవ్వడం. దానికి అప్ తగిలిస్తే పైకి ఇవ్వడం కాదు, వదిలేసుకోవడం! పుట్ అంటే పెట్టడం. ఆఫ్ తగిలిస్తే దీపం ఆర్పొచ్చు, పెళ్ళి వాయిదా వెయ్యొచ్చు!”

లుక్ ఆఫ్టర్ అంటే ఏంట్రా అని అడిగితే ఒకడు లేచి, “తర్వాత చూద్దాం అనండి,” అన్నాడు. “మీ అమ్మ నిన్ను తర్వాత చూద్దాంలే అనుకునుంటే ఈపాటికి నువ్వుండేవోడివే కాదురా! కనిపెట్టుకుని చూసుకోడం రా నాయనా అది!” అన్నాడు మాస్టారు. ఇంకో పిల్ల వ్యాసంలో, మా నాన్న రోజూ గేదెని లుక్ ఫర్ చేస్తాడు అని రాసింది. “మీ గేదె రోజూ తప్పిపోతుందేంటమ్మా?” అని ఆయన అడిగితే క్లాసంతా గొల్లుమంది. ఆ పిల్ల మళ్ళీ జన్మలో ‘ఫర్’నీ ‘ఆఫ్టర్’నీ కలపలేదు.

ఆయన పద్ధతి ఒకటుంది. నా మీద క్రియ ఒక్కటే రాసి పక్కన ఖాళీ వదిలేవాడు. క్రియ తను అంటాడు, తోక పిల్లలు అరవాలి. పిల్లలు తడబడితే ఆయనే అందుకునేవాడు. “లుక్!” “ఆఫ్టర్!” “గివ్!” “అప్!” పెంకులు లేచిపోయేవి. ఇదే పాట ఏటా ఐదు సెక్షన్లకి. అన్ని మాటలూ అక్కడ ఖర్చు పెట్టేసి, ఇంటికి నోరు మూసుకుని వచ్చేవాడు. మనుషుల లెక్క నాకెప్పుడూ అర్థం కాదు. ఇంట్లో మనిషి దగ్గర మాత్రం మాటకి పొదుపు పాటిస్తారు.

ఒకరోజు తొమ్మిదో తరగతిలో నా మీద లుక్ మొదలు నాలుగు క్రియలు రాసి పిల్లలకేసి తిరిగాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. చేతిలో సుద్దముక్క జారిపోయింది. మాస్టారు పరీక్ష పెడుతున్నారనుకుని పిల్లలు వాళ్ళంతట వాళ్ళే “ఆఫ్టర్!” అని అరిచారు. ఆయన కుర్చీ పట్టుకోబోయి కింద పడిపోయాడు. ఆ అరుపు తల్చుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

పక్షవాతం. కుడిచెయ్యీ కాలూ కొంత తిరిగొచ్చాయి, మాట రాలేదు. ఎదుటివాళ్ళు అన్నదంతా అర్థమయ్యేది. జవాబు చెప్పబోతే పెదాలు కదిలేవి, అంతే. కాకినాడ ఆస్పత్రిలో మాటలు నేర్పే హసీనా మేడం, “ఒకట్లూ, వారాల పేర్లూ, నోటికి పాటలా వచ్చేవేవైనా అనిపించండి ఆంటీ,” అని చెప్పి పంపింది. వీరవేణి ఆదివారం అంటే ఆయన సోమవారం అనలేదు. ఆరు నెలలు గడిచాయి. నేను అన్నాళ్ళూ బీరువా వెనక, బడి నుంచి ఎవరో చుట్టి తెచ్చిచ్చినట్టే, నిలబడి ఉన్నాను.

కుట్టుమిషను మీద కప్పడానికి ఏదో ఒకటి కావలసొచ్చి వీరవేణి నన్ను బయటికి లాగింది. నేల మీద పరిచింది. సుద్ద చెదిరింది గానీ అక్షరాలు పోలేదు. ఆమె వంగి కూడబలుక్కుంది. “ఎల్లు... రెండు ఓలు... కే... లుక్కు.”

“ఆఫ్టర్,” అని వినబడింది.

వీరవేణి వీధిలోకి చూసింది, ఎవరొచ్చారా అని. ఎవరూ లేరు. మంచం మీద ఆయన, ఆమెకంటే ఎక్కువగా బిత్తరపోయి చూస్తున్నాడు. ఆమె మళ్ళీ అంది, “లుక్కు?” “ఆఫ్టర్.” “గివ్వు?” “అప్.” నన్ను నేల మీదే వదిలేసి, ఆయన తల పొట్టకి అదుముకుని బావురుమంది.

ఫోనులో హసీనా మేడం కూడా సంతోషించింది, కానీ దాచకుండా చెప్పింది. “అవి అలవాటు మీద వస్తున్నాయి ఆంటీ. తనంతట తాను చెప్పాలనుకుని చెప్పే మాట వేరు. అది రావొచ్చు, రాకపోనూవచ్చు. మీరు మాత్రం మానకండి.”

వీరవేణి మానలేదు. ఆయన పాత నోటుబుక్కు చూసి, సుద్దతో నా మీద క్రియలు దించేది. ఆమె ‘ఎస్’ ఎప్పుడూ అటు తిరిగే ఉండేది, అయినా ఆయన చదివేసేవాడు. పొద్దున కాఫీకి ముందు ఒక విడత, సాయంత్రం ఒక విడత. నెల తిరిగేసరికి, యాభై ఏళ్ళ వయసులో, ఆమెకి అరవై క్రియలు, తోకలతో సహా, కంఠతా వచ్చేశాయి. ఆయనకి అవి తప్ప ఇంకేమీ రాలేదు. మంచినీళ్ళు కావాలంటే చెయ్యే చూపించేవాడు. ఆమెని ‘వేణీ’ అని పిలవాలంటే మంచం కోడు కొట్టేవాడు.

ఒక సాయంత్రం ఆమెకి సహనం చచ్చిపోయింది. సుద్ద నేలకేసి కొట్టింది. “బడిపిల్లలకి చెప్పినవన్నీ భద్రంగా ఉన్నాయి. నాకు చెప్పింది ఒక్క ముక్కైనా లేదా లోపల? నేనెవర్ని మీకు? నాకొక్క మాట చాలండీ, తిట్టండి పోనీ!” అంది. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆమె కాసేపటికి ముక్కు చీదుకుని, “అయినా మీరు నాకు ఎప్పుడేం చెప్పారు గనక,” అని దుప్పటి సర్దింది. నాకు సిగ్గేసింది. ఆయన మాటలన్నీ మింగి కూర్చున్నది నేనే కదా.

రెండ్రోజుల తర్వాత, రవిక కత్తిరిస్తూ ఉన్నట్టుండి చెయ్యి ఆపింది. “ఏవండీ, మన మాటలకీ ఉన్నాయి కదండీ తోకలు! వచ్చాను, వచ్చావు, వచ్చాడు. ఎన్ని లేవు!” అంది. తడిగుడ్డతో నన్ను మొత్తం తుడిచేసింది. ఇరవై ఎనిమిదేళ్ళలో మొదటిసారి నా మీద తెలుగు రాశారు. వచ్చా, వెళ్ళా, తిన్నా. పక్కన ఖాళీ.

“వచ్చా... ను. అనండి, ను. తిన్నా... ను.” పది రోజులు అలాగే చెప్పింది. ఆయన పెదాలు కదిపేవాడు, చెమటలు కక్కేవాడు, ఒక్క తోకా తగల్లేదు. ఇంగ్లీషులో అడిగితే మాత్రం టకీమని చెప్పేవాడు. ఆమె విసుక్కోవడం కూడా మానేసింది. నాకైతే ఆశ పోయింది, నిజం చెబుతున్నాను.

పదకొండో రోజు మధ్యాహ్నం మూడైంది. ముహూర్తాల రోజులు, రవికలు గుట్టలు పడున్నాయి. ఆయనకి పన్నెండింటికే అన్నం కలిపి పెట్టి, ఆమె మిషను ముందు కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. దారం తెంపుకుంటూ, తల ఎత్తకుండానే అలవాటుగా అంది, “వచ్చా...” ఏమీ లేదు. “వెళ్ళా...” ఏమీ లేదు. “తిన్నా...”

“వా.”

“వా కాదండీ, ను. తిన్నాను,” అంది ఆమె, దారం సూదిలోకి ఎక్కిస్తూ.

ఆయన తల అడ్డంగా ఊపాడు. నాకేసి చూడటం లేదు, ఆమెకేసి చూస్తున్నాడు. మెడనరాలు బిగిశాయి. ఎడమచెయ్యి ఎత్తి వంటగదివైపు చూపించాడు. “తిన్నా... వా?”

వీరవేణి చేతిలో దారం అలాగే ఉంది. నేర్పింది ‘ను’. ‘వా’ అని ఆమె ఒక్కసారి కూడా నేర్పలేదు. నా మీదా లేదు, నోటుబుక్కులోనూ లేదు. అది ఆయన సొంతం.

“లేదండీ,” అంది. “ఇంకా తినలేదు.”

ఆయన చెయ్యి దించలేదు, వంటగదివైపే చూపిస్తున్నాడు, కోపంగా. ఆమె లేచి, పరుగులాంటి నడకతో వెళ్ళి కంచంలో చల్లారిన అన్నం, పప్పు పెట్టుకొచ్చింది. మంచానికి ఎదురుగా నేల మీద కూర్చుంది. కన్నీళ్ళూ అన్నం కలిపి గబగబా నాలుగు ముద్దలు మింగింది. మంచినీళ్ళు కూడా తాగకుండా తలెత్తి ఆయనకేసి చూసింది.

“ఇప్పుడడగండి,” అంది.

ఆయన చెయ్యి దించి అడిగాడు. “తిన్నా... వా?”

“తిన్నానండీ,” అంది వీరవేణి.